మూడో నంబరు నవ్వు

జూన్ 3

కొత్త బోర్డు వచ్చింది. నిన్నటిదాకా "దంత వైద్యశాల". ఈ రోజు నుంచి "స్మైల్ స్టూడియో" అట. బోర్డు నిండా ఎవరివో పెదాలు, వాటి మధ్య ఎవరివో పళ్ళు. ముక్కు లేదు, గడ్డం లేదు. వచ్చినవాళ్ళకి పంటి నొప్పి తగ్గుతుందో లేదో ఆ బోర్డు చూస్తే తెలియదు.

బోర్డు బిగించడం అయ్యాక కుర్ర డాక్టరు నన్ను లోపలికి పిలిచి కూర్చోమన్నాడు. ఆయన ఈ ఆసుపత్రి కొనుక్కుని ఏడాదయింది, ఎప్పుడూ నన్ను కూర్చోమనలేదు.

"ఫ్రంట్ డెస్క్‌లో ఉన్నవాళ్ళే మన అసలు బోర్డు. వచ్చినవాళ్ళు మొట్టమొదట చూసేది మిమ్మల్నే కదా," అన్నాడు.

"చూస్తారు సార్. బిల్లు కట్టేటప్పుడు ఇంకా బాగా చూస్తారు," అన్నాను.

నవ్వలేదు. రెండు దారులు చెప్పాడు. ఒకటి, నా పళ్ళు ఆయనే ఉచితంగా సరిచేసి పెడతాడు. రెండోది, నేను వెనక గదిలోకి మారిపోయి పరికరాలు కడిగి వేడి పెట్టెలో పెట్టే పని చూసుకోవాలి. జీతంలో మార్పు లేదు. నా కుర్చీలోకి ఇంకో అమ్మాయి వస్తుంది. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు.

నాకేమీ అనిపించలేదు.

జూన్ 4

నిజంగానే ఏమీ అనిపించలేదు. కొత్త సంగతేం చెప్పాడు గనుక? పైవరసలో ముందు పళ్ళు రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికొచ్చాయని నాకు తెలియదా? ఎడమ కోరపన్ను వరసలో చోటు దొరక్క పైన నిలబడిందని తెలియదా? బళ్ళో నన్ను "కొబ్బరికోరాం" అని పిలిచేవాళ్ళు. టీచరు కూడా ఒకసారి నోరు జారి అలాగే పిలిచింది. అప్పుడు ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ అంది, "నోరు మూసుకుని నవ్వడం నేర్చుకో, అన్నీ అవే సర్దుకుంటాయి."

నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానంటే, నన్ను చూసినవాళ్ళు చాలా పెద్దమనిషి తరహా అనుకుంటారు. ఫోన్లో మాత్రం హాయిగా మాట్లాడతాను. ఫోన్లో విని ఇష్టపడి వచ్చినవాళ్ళు నన్ను దాటి లోపలికి చూస్తూ "ఇందాక ఫోనెత్తిన అమ్మాయి ఎక్కడ?" అని అడుగుతారు. "ఇప్పుడే వెళ్ళిపోయిందండీ," అంటాను.

జూన్ 7

కుర్ర డాక్టరు వచ్చే నెల పెద్ద సభలో మాట్లాడాలట. పళ్ళ వరస ఎలా ఉంటే జనానికి మొహం అందంగా కనిపిస్తుందో లెక్కలు తీసి చూపిస్తాడట. దానికోసం ఒక ట్యాబ్ తెచ్చాడు. అందులో ఐదు ఫొటోలు. పెదాలు, పళ్ళు, అంతే. వచ్చిన ప్రతి పేషెంటూ ఒక్కో ఫొటోకి పదికి ఇన్ని అని మార్కులు వెయ్యాలి. ట్యాబ్ అందించే పని నాది. సరిగ్గా పనిచేస్తుందో లేదో ముందు నన్నే చూడమన్నాడు.

చూశాను. ఒకటో నంబరుకి ఆరు, రెండోదానికి ఐదు, నాలుగోదానికి ఏడు వేశాను. ఐదోది మాత్రం చూడగానే మనసుకి హాయిగా అనిపించింది. పొందిగ్గా, ఎక్కడా వంక లేకుండా ఉంది. తొమ్మిది వేశాను. మూడోదానికి రెండు. "పాపం, ఈవిడ అన్నం ఎలా తింటుందో," అని కూడా అన్నాను.

ఎవరివి ఇవి అని అడిగాను. "కంప్యూటర్లో తయారుచేసినవి. ఎవరివీ కావు," అన్నాడు.

పక్కన మా అసిస్టెంటు పిల్ల ఉంది. దాన్ని అందరం వాగుడుకాయ అంటాం. పేషెంటు నోట్లో రెండు చేతులు పెట్టి కూడా కబుర్లు చెప్పగలదు. ఎందుకో అటు తిరిగి దూది సర్దుకుంటూ నిలబడింది.

జూన్ 10

వాగుడుకాయ మూడు రోజులుగా వాగడం లేదు. జ్వరమేమో.

జూన్ 11

జ్వరం కాదు.

మధ్యాహ్నం నన్ను ఎక్స్‌రే గదిలోకి లాక్కెళ్ళి తలుపేసింది. "అక్కా, తిట్టుకోకు. ఆ మూడో నంబరు నువ్వే."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది. కొత్త కెమెరా వచ్చిన రోజు గుర్తుందా అని అడిగింది. గుర్తుంది. వెలుగు సరిపోతోందో లేదో చూడటానికి నన్ను కూర్చోబెట్టారు. అటొకటి ఇటొకటి లైట్లు పెడుతుంటే ఈ పిల్లే అంది, "అక్కా, పోలీసులు పట్టుకొచ్చినట్టున్నావు, నేరం ఒప్పేసుకో, వదిలేస్తారు." ఆపుకోలేకపోయాను. నోరంతా తెరిచి నవ్వేశాను. అప్పుడే క్లిక్‌మంది. తీసెయ్యండి సార్ అన్నాను, అలాగే అన్నాడు.

తీసెయ్యడమంటే ముక్కూ కళ్ళూ తీసెయ్యడమని ఆయన అనుకున్నాడు కాబోలు.

మనుషుల నోళ్ళు చూసుకునే ఉద్యోగంలో ఇన్నేళ్ళున్నాను. నా నోరు నేను గుర్తుపట్టలేదు. సాయంత్రం అందరూ వెళ్ళాక బాత్రూం అద్దం ముందు నిలబడి అలా నవ్వడానికి చూశాను. రాలేదు. పెదాలు వాటంతటవే దగ్గరికొచ్చేస్తున్నాయి. ఆ నోటిని నేనెప్పుడూ చూడలేదు, అదీ సంగతి. అద్దం ముందుకి ఎప్పుడూ మూసుకునే వెళ్తాను.

రెండు వేశాను. పదికి రెండు.

జూన్ 12

ఈ రోజంతా నా నోటిని నా చేత్తోనే పేషెంట్లకి అందించాను. "కాస్త మార్కులు వెయ్యండి," అంటూ.

చెవుల్లో తీగలు పెట్టుకున్న కుర్రాడొకడు "సున్నా లేదా?" అని అడిగాడు. లేదు, ఒకటి నుంచే అన్నాను. "అయ్యో," అన్నాడు.

ఒకావిడ మూడు వేసింది. నాకు ఒళ్ళు మండింది. "మూడెందుకండీ? ఆవిడ మిమ్మల్నేమైనా అందా?" అనేశాను. ఆవిడ ట్యాబ్ నా బల్ల మీద పెట్టేసి, దూరంగా ఉన్న కుర్చీలో కూర్చుని, పిలిచేదాకా నా వైపు చూడలేదు.

కట్టుడు పళ్ళు బిగించుకోవడానికి వచ్చిన పెద్దాయన ఒకరు మూడో నంబరు దగ్గర ఆగిపోయారు. "ఇవన్నీ సొంతవేనా?" అని అడిగారు. సొంతవే అన్నాను. "కదిలేవి లేవుగా?" లేవన్నాను. "మరింకేం," అని పదికి పది వేసేశారు. ఆ లెక్కన ఆయనకి గుర్రం పళ్ళు చూపించినా పదే వేస్తారు. అయినా ఆయన్ని కుర్చీ దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను.

ఇంకో పాప, వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుని తొంగి చూస్తూ, "అమ్మా, వీళ్ళందరూ ఫొటో కోసం నవ్వుతున్నారు, ఈవిడొక్కతే నిజంగా నవ్వుతోంది," అంది. వాళ్ళమ్మ ఆ పిల్లని కదలకుండా కూర్చోమంది. మార్కులు మాత్రం ఆవిడ నాలుగే వేసింది.

జూన్ 15

కుర్ర డాక్టరు మళ్ళీ పిలిచి, "మీరు ఎలా అవుతారో చూడండి," అని కంప్యూటర్ నా వైపు తిప్పాడు. ఐదో నంబరు.

"ఇది ఐదో నంబరు కదా సార్," అన్నాను.

గతుక్కుమన్నాడు. తర్వాత నెమ్మదిగా ఒప్పుకున్నాడు. ఐదూ నావేనట. ఉన్నదున్నట్టుగా మూడోది. మిగిలిన నాలుగూ దాన్ని కంప్యూటర్లో కొంచెం కొంచెంగా సర్ది చేసినవి. "మొహం కనపడదు కదండీ, ఎవరిదైనా ఒకటే," అన్నాడు.

అప్పుడు లేచి నాలుగు దులిపేసి ఉండాల్సింది. కాని ఐదో నంబరు నా ఎదురుగా ఉంది. ఈసారి ముక్కూ కళ్ళూ కూడా ఉన్నాయి. నా మొహమే, నా కళ్ళే, కింద ఆ తొమ్మిది మార్కుల వరస. అంత బాగుంటానని నాకు తెలియదు.

సరేనన్నాను. పైన మంచి పళ్ళు రెండు పీకి చోటు చేస్తాడు. తర్వాత క్లిప్పులు.

నా కోసమే చేయించుకుంటున్నాను. కుర్చీ కోసం కాదు, ఎవరి కోసమూ కాదు. నా కోసమే.

జూన్ 16

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. ఇంటికొచ్చాక కూడా చేతుల నుంచి గ్రీజు వాసన వస్తుంది. ఏమీ చెప్పకుండా ఫోన్లో ఐదు ఫొటోలూ చూపించాను. మూడోదాని దగ్గర వేలు పెట్టి, "ఇది నువ్వు," అన్నారు. క్షణం పట్టలేదు.

"మరి ఈ ఐదోది?"

"ఎవరో. టీవీలో వస్తుందా?"

నాకు కోపమొచ్చింది. అది కూడా నేనే అని చెప్పాను. మళ్ళీ చూసి భుజాలు ఎగరేశారు.

"మూడోదానికి మార్కులు వెయ్యండి."

తప్పించుకోవాలని చూశారు. వదల్లేదు. చివరికి "ఆరు," అన్నారు.

"ఆరేనా?"

"ఏడు వేస్తే అబద్ధం చెప్తున్నానంటావు. ఐదు వేస్తే అన్నం పెట్టవు."

పళ్ళు పీకే సంగతి చెప్పాను. "నడుస్తున్న లిఫ్టుని మేం విప్పం. నీ ఇష్టం మరి," అన్నారు. ఈయనకి ప్రపంచమంతా లిఫ్టే. నా నోటికీ లిఫ్టుకీ ఏం సంబంధం? అటు తిరిగి పడుకున్నాను.

జూన్ 18

అమ్మకి ఫోన్‌లో చెబితే మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంది. ఇంత సంతోషం నా పెళ్ళప్పుడు కూడా చూడలేదు.

"ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. నీ పెళ్ళి ఫొటోల్లో ఒక్కటైనా పనికొచ్చిందా? ఎవరో తిట్టి తీసుకొచ్చినట్టు కూర్చున్నావు."

"నువ్వే కదమ్మా నోరు మూసుకోమన్నావు."

"మరి తెరిస్తే ఏముందని?"

ఇద్దరం నవ్వాం. అప్పుడు చూశాను. అమ్మవీ ఒకప్పుడు నాలాంటి పళ్ళే. నలభై దాటగానే కదిలేవాటితో పాటు కదలనివి కూడా పీకించేసి పూర్తి సెట్టు పెట్టించుకుంది. ముత్యాల్లాంటి వరస, కొలిచి పేర్చినట్టుంటుంది. ఆ పళ్ళతో నవ్వుతున్న అమ్మ, చెయ్యి తీసుకెళ్ళి నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెయ్యి ఎందుకమ్మా అడ్డం?" అని అడిగాను.

"ఏం చెయ్యి?" అంది. చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

జూన్ 19

నా కోసమే.

జూన్ 20

ఐదో నంబరుని ఫోన్లో పెట్టుకుని చూస్తున్నాను. ఎంతసేపు చూసినా అది దేనికి నవ్వుతోందో తెలియడం లేదు.

జూన్ 22

పై పెదవి ఇంకా నాది కానట్టే ఉంది. అయినా రాయాలి. జరిగింది జరిగినట్టు రాయాలి.

పదింటికి కుర్చీలో పడుకున్నాను. వాగుడుకాయ లైటు సర్దింది. డాక్టరు మత్తు సూది రెండు పక్కలా వేశాడు. మొద్దుబారేదాకా ఆగాలి కదా, ఆ ఆగడమే నా కొంప నిలబెట్టింది. పైన లైటు చట్రంలో నా నోరు కనిపిస్తోంది, చిన్నగా. ఈ పళ్ళు రెండూ ఏం పాపం చేశాయి? పుచ్చలేదు, కదల్లేదు, ఒక్కరోజు నొప్పి పెట్టలేదు. వంకరగా ఉన్నవాటికి చోటివ్వడానికి తిన్నగా ఉన్నవి పోవాలట.

"సార్, ఇంకో వారం ఆగుదామా? కొంచెం ఆలోచించుకుంటాను," అన్నాను.

ఆయన విసుక్కోలేదు. చాలా మెత్తగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "ఇందులో ఆలోచించడానికేముందండీ? మీ పళ్ళకి మీరే రెండు మార్కులు వేశారు కదా. ట్యాబ్‌లో అందరికన్నా తక్కువ వేసినవాళ్ళలో మీరొకరు."

మొదటి రోజు నా చేతికి ట్యాబ్ ఇచ్చినప్పుడు, అవి ఎవరివీ కావని నా మొహం మీద చెప్పినప్పుడు, నేను వేసిన మార్కులు. అవి దాచిపెట్టుకుని, నోరు మొద్దుబారాక తీశాడు.

లేచాను. మెడలో కట్టిన కాగితం తువ్వాలు లాగేశాను. "తప్పు వేశాను సార్," అన్నాను. మత్తులో అది "తప్ వేచాను" అని వచ్చింది. "నాదని తెలిస్తే అలా వేసేదాన్ని కాదు. మీరు చెప్పలేదు. పళ్ళు పీకించుకోను. వెనక గదిలోకీ వెళ్ళను."

"మీరు ఆవేశంలో ఉన్నారు," అన్నాడు.

"ఉన్నాను," అన్నాను.

బయటికొచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. పెదవి ఒకపక్కకి జారిపోయి ఉంది, పళ్ళు బయటే ఉన్నాయి, మూద్దామన్నా మూతపడవు. నీళ్ళు తాగితే సగం ఒళ్ళో పడ్డాయి. ఆ మొహంతోనే మధ్యాహ్నం దాకా పేషెంట్లని పిలిచాను, బిల్లులు కొట్టాను, ఫోన్లెత్తాను. ఒకాయన "మీకేమైంది?" అని అడిగారు. "ఏమీ కాలేదండీ, అదృష్టం," అన్నాను. వాగుడుకాయ నా వెనక్కి వచ్చి నిలబడి, భుజం నొక్కి వెళ్ళిపోయింది. ఒక్క మాట మాట్లాడలేదు, అదీ దానికి చాతనవుతుందని తెలిసింది.

జూన్ 23

ఉద్యోగం పోతుందేమో. భయంగా ఉంది. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడైనా కూర్చుంటానని మా ఆయనతో గట్టిగా అన్నాను గాని భయంగానే ఉంది. ఎనిమిదేళ్ళు కూర్చున్న కుర్చీ. అయినా నిన్న చేసింది తప్పని ఒక్కసారి కూడా అనిపించలేదు.

అమ్మ ఫోన్ చేసి గంటసేపు తిట్టింది. చివర్లో "సరేలే, నీ పళ్ళు నీ ఇష్టం," అని పెట్టేసింది.

జూన్ 26

కుర్ర డాక్టరు తనే నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఈసారి కూర్చోమనడానికి కుర్చీ ఆయన వైపు లేదు.

సభలో చెప్పబోయేది ముందుగా వాళ్ళ ప్రొఫెసరుగారికి చూపించాడట. ఆయన మొదట అడిగిన మాట, "ఈ నోరు ఎవరిది? ఆవిడని అడిగావా?" అడగకపోతే ఇవన్నీ అవతల పారెయ్యమన్నారట.

"మీరు సరేనంటే చాలు," అన్నాడు.

"అనకపోతే?"

"ఇంకొకరి ఫొటో తీసుకుంటాను."

"తీసుకోండి. ఈసారి అడిగి తీసుకోండి."

అడిగాడు కూడా. వాగుడుకాయ "నా పళ్ళు బాగుంటాయి కద సార్, మీకు పనికిరావు," అందట. మా నర్సు నవ్వనే నవ్వదు. పేషెంట్లని అడగడానికి ఆయనకి మొహం చెల్లలేదు.

సాయంత్రం మళ్ళీ వచ్చాడు. నేను సిద్ధంగా ఉన్నాను. ఫొటో ఇస్తాను, కాని నోరొక్కటే కాదు, మొత్తం మొహం ఉండాలి. ఇప్పుడున్న పళ్ళతోనే నా కుర్చీలో నేనే ఉంటాను. ట్యాబ్ కూడా నేనే ఇస్తానన్నాను.

తల పట్టుకున్నాడు. "మొహం కనిపిస్తే జనం మొహమాటానికి మార్కులు వేస్తారండీ. లెక్క మొత్తం పాడైపోతుంది."

"బజార్లో నన్ను చూసేవాళ్ళు మొహంతోనే చూస్తున్నారు సార్. నోరు కత్తిరించుకుని చూడటం లేదు. మీకు కావాల్సిన లెక్క అదే కదా?"

సభ దగ్గర పడింది, అది ఇద్దరికీ తెలుసు. "సరే," అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఇటు తిరక్కుండానే, "అడగాల్సింది," అన్నాడు. ఆ ఒక్క మాట రావడానికి ఆయనకి సూది లేకుండా పన్ను పీకినంత పనైంది.

జూన్ 27

ఫొటో తీశారు. నవ్వమంటే నవ్వు రాదు కదా. వాగుడుకాయని గదిలోంచి పంపించేస్తేనే తీయించుకుంటానన్నాను, దాని సాయం లేకుండా నవ్వాలని పట్టుదల. చాలాసేపు మూతి బిగించుకునే కూర్చున్నాను. డాక్టరు కెమెరా వెనక ఓపిగ్గా వంగి ఉన్నాడు. ఆ లైట్లలో ఆయన మొహం మీద చెమట. పాపం, నా నవ్వు కోసం ఇంత పెద్ద చదువు చదివినాయన అలా వంగి ఎదురుచూస్తున్నాడని తట్టింది. ఇక నవ్వు ఆగలేదు.

జూన్ 30

కొత్త ఫొటోతో ట్యాబ్ ఈ రోజు నా బల్ల మీదికి వచ్చింది. మూడో నంబరులో నా మొహమంతా ఉంది, మిగతా నాలుగూ మునుపటిలా పెదాలూ పళ్ళే. నిజం రాస్తున్నాను, పొద్దున రెండుసార్లు బాత్రూంకి వెళ్ళాను.

మొదటి పేషెంటు ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి, పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి వచ్చాడు. ట్యాబ్ అందుకుని ఒకటో నంబరుకీ రెండోదానికీ చకచకా వేశాడు. మూడోదాని దగ్గర ఆగాడు. ట్యాబ్ వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్ళీ ట్యాబ్ వైపు.

"ఇది... మీరేనా?"

"నేనేనండీ."

"మరి... మీరు కాస్త అటు తిరిగితే..."

"తిరగనండీ. మార్కులు వెయ్యండి, నేనిక్కడే ఉంటాను."

ఇబ్బందిగా కదిలాడు. గొంతు సవరించుకున్నాడు. ఆయన వేలు గాల్లో అటూ ఇటూ తిరుగుతుంటే నేను చూపు తిప్పుకోలేదు. చివరికి నాలుగు వేశాడు. నా కళ్ళెదురుగానే వేశాడు.

"థాంక్సండీ," అన్నాను, పళ్ళన్నీ కనిపించేలా.

ఆయన నా నవ్వు చూసి, గబగబా ట్యాబ్ మీదికి మళ్ళీ వంగాడు, ఇంకో రెండు మార్కులు కలుపుదామని.

"వద్దండీ, నాలుగు చాలు," అని ట్యాబ్ లాక్కుని, తర్వాతివాళ్ళని పిలిచాను.